పగలు ఎక్కడ ఉంటుంది

మా దుకాణం గోడకు ఒక బోర్డు ఉంది. నా చేత్తో నేనే రాశాను. "దట్టమైన బొచ్చున్న కుక్కలకు గుండు గీయబడదు. కారణం అడగండి, చెబుతాం." అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. దాని కింద ఎర్ర రంగుతో ఇంకో వాక్యం రాశాను. "మీ కుక్కకు గుండు చేస్తే మా గుండె చెరువవుతుంది."

వచ్చినవాళ్ళందరూ ఎర్ర వాక్యం చదివి నవ్వేవారు. ఫోన్ తీసి ఫోటో కూడా తీసుకునేవారు. పన్నెండేళ్ళలో పై వాక్యం చదివి కారణం అడిగినవాళ్ళు ఏడుగురో ఎనిమిది మందో ఉంటారు. నవ్విన మనిషి ఇక కారణం అడగడు. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఎంత ఆలస్యంగా అంటే, ఒక కుక్క చచ్చిపోయాక.

నా పని దువ్వడం. కుక్కల్ని దువ్వెనతో, వాటి యజమానుల్ని మాటలతో. గోళ్ళు తీస్తాను, చెవులు తుడుస్తాను, చిక్కులు విప్పుతాను, నోరు మాత్రం మూయను. యాభై రెండేళ్ళకే నా నెత్తి మైదానమైపోయింది కాబట్టి, జుట్టంతా ఏమైందండీ అని ఎవరైనా అడిగితే వృత్తికి అంకితమిచ్చానంటాను. దుకాణంలో నాతోపాటు ఒకావిడ పనిచేస్తుంది. కుక్కలకు స్నానం చేయించడం, బ్లోయరుతో ఆరబెట్టడం ఆవిడ పని. నన్ను అన్నయ్యా అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను. నేను పది మాటలు మాట్లాడేలోపు ఆవిడ రెండు కుక్కల్ని తుడిచేస్తుంది.

మా అక్క మొగుడు డాబాల మీద లీకులు మూస్తాడు. పగుళ్ళు పూడ్చి, కింద ఒక పూత, పైన ఎండ తగలకుండా తెల్ల పూత వేసి వస్తాడు. నేనాయనకు పెట్టిన పేరు లీకవీరుడు. ఆయన నాకు పెట్టిన పేరు కత్తెరయ్య. అక్క పెళ్ళినాడు మొదలైన వేళాకోళం ముప్పై ఏళ్ళయినా ముగియలేదు. ఆయనకు పిత్తాశయంలో రాళ్ళు తీసిన రోజు ఆసుపత్రికి వెళ్ళి, "ఎలా ఉంది బావా" అని అడగాల్సిందిపోయి, "రాళ్ళు నీవి, ఇసుక నాది, ఇల్లు కట్టేద్దామా" అన్నాను. కుట్లు నొప్పెడుతున్నా పొట్ట పట్టుకుని నవ్వాడు. అదీ మా ఇద్దరి భాష. అందులో ప్రేమకు మాటలున్నాయి, కోపానికీ ఉన్నాయి. జాగ్రత్త చెప్పడానికి మాత్రం లేవు.

వాళ్ళింట్లో ఒక కుక్క. పేరు దుప్పటి. పిల్లగా వచ్చిన మొదటి రోజే మంచం మీద దుప్పటిలో దూరి నిద్రపోతే, అక్క చూసుకోకుండా దుప్పటి దులిపింది. కుక్క నేలమీద పడింది, పేరు దానిమీద పడింది. మంచు దేశాల జాతి. తెల్లటి ఒత్తు బొచ్చు, వేళ్ళు దూరిస్తే రెండో కణుపు దాకా కనబడవు. రోజూ సాయంత్రం అక్క పెరటి మెట్ల మీద కూర్చుని దాన్ని దువ్వేది. రాలిన నూగంతా ఒక దిండు గలీబులో కూరేది. ఆరేళ్ళలో ఆ గలీబు దిండయింది.

పగలు దుప్పటి బావతో పనికి వెళ్ళేది. స్కూటరు ముందు నిలబడి వెళ్ళి, ఆయన డాబా మీద రోలరు తోస్తుంటే వాటర్ ట్యాంకు నీడలో పడుకునేది. నీడ జరిగితే అదీ జరిగేది. బావ వాచీ చూసుకునేవాడు కాదు, దుప్పటి ఎక్కడుందో చూసి భోజనం డబ్బా విప్పేవాడు.

ఇవన్నీ నాకు తెలుసు. తెలుసన్న సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం.

ఎండలు ముదిరాయి. ఒకరోజు పదింటికి బావ దుప్పటిని తీసుకుని దుకాణానికి వచ్చాడు. బయట బెంచీ మీద అప్పటికే ముగ్గురు మనుషులు, మూడు కుక్కలు.

"కత్తెరయ్యా, దీనికి గుండు చెయ్యి."

"నీ బట్టతలతో పోటీకా బావా? ఇంట్లో ఒక గుండు చూసే అక్క జడుసుకుంటోంది."

"వేళాకోళం కాదురా. చూడలేకపోతున్నా. నేను చొక్కా విప్పేసి పని చేసుకుంటున్నా, ఇది మూడు రగ్గులు కప్పుకుని కూచుంటోంది. ఒకటే రొప్పడం. నాలిక చూడు, ఎంత బయటికొచ్చిందో."

"నాలిక లోపల పెట్టుకునే కుక్క ఏదైనా ఉంటే చెప్పు, సర్కసుకి పంపిద్దాం." నవ్వుతూ గోడవైపు చూపించాను. "బోర్డు చదువు."

బావ చదివాడు. ఎర్ర వాక్యమే, పైకి, బెంచీ మీదివాళ్ళకు వినబడేలా. "నీ గుండె చెరువైతే లీకు నేను మూస్తాలే" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను. మంచి మాటకు నవ్వకపోతే నాకు అన్నం అరగదు.

"కాదు బావా, వీటికి గీయకూడదు. చర్మం కాలుతుంది."

ఇది నిజం. ఆరోజు నేను చెప్పిన ఒకే ఒక్క నిజం. దానికీ తోక తగిలించాను. "కాలాక నా కాలు పట్టుకుంటే లాభం లేదు మరి."

మళ్ళీ నవ్వులు. కాలూ కాలడమూ కలిసి ఆ నిజాన్ని మోసుకుపోయాయి.

"చేతకాదని చెప్పొచ్చుగా, బోర్డులెందుకు" అన్నాడు బావ. "నువ్వు చెయ్యకపోతే ఇంటికెళ్ళి నా గడ్డం మిషనుతో నేనే గీకేస్తా. మీ అక్క పనినుంచి వచ్చేలోపు అయిపోతుంది."

స్నానాల గది తలుపు దగ్గర తువ్వాలుతో చెల్లెమ్మ నిలబడి ఉంది. "వద్దన్నయ్యా" అంది. "లోపలి నూగు ఊడదీసి పంపిద్దాం. నేను బ్లోయరు పడతా, మీరు దువ్వండి. గాలి ఆడుతుంది దానికి."

సరైన పని అదే. రెండు గంటలు పడుతుంది. బయట మూడు కుక్కలున్నాయి. గుండయితే ముప్పావు గంట. అదీకాక బావ ఇంటికెళ్ళి ఆ గడ్డం మిషనుతో గీకితే చర్మం తెగుతుంది, దానికంటే నా చెయ్యే నయం కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఈ ఆఖరి కారణం మహా నున్నగా ఉంది. నున్నటి కారణాల్ని నమ్మకూడదని ఇప్పుడు అంటున్నాను.

"బల్ల ఎక్కించు బావా" అన్నాను.

"నేను పట్టుకోను" అంది చెల్లెమ్మ. లోపలికి వెళ్ళి కుళాయి తిప్పేసింది.

"సమ్మె" అన్నాను బెంచీవైపు చూసి. వాళ్ళు నవ్వారు.

మా దగ్గర ప్రతి కుక్కకూ ఒక కార్డు రాస్తాం. నాలుగు ప్రశ్నలు. పేరు, వయసు, జబ్బులు, పగలు ఎక్కడ ఉంటుంది. నాలుగోది నేనే పెట్టాను. నీడలో ఉండే కుక్కకూ ఎండలో తిరిగే కుక్కకూ ఒకే పని చేయకూడదు. దుప్పటి కార్డు మీద పేరు రాశాను, మిగతా మూడు ప్రశ్నల మీదుగా అడ్డంగా "మనదే" అని గీకి పక్కన పడేశాను.

బావ తల పట్టుకున్నాడు. నేను మిషను పెట్టాను. పావుగంటకోసారి బ్లేడు వేడెక్కిందేమోనని మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకున్నాను. వేడెక్కితే మార్చాను. చర్మం ఎక్కడా తెగలేదు, గీత ఎక్కడా వంకరపోలేదు. చెవుల అంచులు కత్తెరతో గుండ్రంగా తీశాను. పనితనంలో వంక పెట్టడానికి లేదు. ఆ పనే పెద్ద వంక. దుప్పటి కదల్లేదు. మధ్యలో ఒకసారి నా మోచెయ్యి నాకింది. బొచ్చు బల్ల మీంచి పొరలు పొరలుగా జారి నేలమీద పడుతుంటే లోపలినుంచి గులాబీ రంగు చర్మం బయటపడింది. అక్కడక్కడ గోధుమ మచ్చలు. కుక్క సగమైంది.

"ఓరి నీ, ఇంతేనా నువ్వు" అన్నాడు బావ మురిసిపోయి.

కిందికి దించాం. దుప్పటి రెండడుగులు వేసి ఆగింది. నేలమీద కుప్పగా పడ్డ తన బొచ్చును వాసన చూసింది. దాని చుట్టూ ఒకసారి తిరిగి, దానిమీదే పడుకుంది.

ఎండలో తిప్పకు బావా, డాబా ఎక్కించకు, పనికి తీసుకెళ్ళకు. ఈ మూడు మాటలూ చెప్పి పంపించాలి. అది నా బాధ్యత. బెంచీ మీది కుక్కొకటి మొరగడం మొదలుపెట్టింది. "దీనికి చొక్కా తొడుగు బావా, పరువు పోతుంది" అన్నాను. అన్నది నిజంగా చేయాల్సిన పనే. అన్న తీరుకి బావ నవ్వి, స్కూటరు ఎక్కాడు.

సాయంత్రం ఫోన్ చేశాడు. "కత్తెరయ్యా, మీ అక్క ఇంటికొచ్చి దుప్పటిని చూసి ఏడ్చినంత పని చేసింది. నువ్వు చెయ్యనన్నావనీ నేనే ఇంట్లో గీకాననీ చెప్పాను. నిన్ను కాపాడా. జన్మంతా తల్చుకో."

"నా గుండు నీ నెత్తినేసుకున్నావా బావా" అన్నాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. అక్కకు చెప్పిన ఆ అబద్ధం మాకు అప్పుడు ఇంకో జోకు మాత్రమే.

నాలుగో రోజు పన్నెండున్నరకు మళ్ళీ ఫోను.

"ఒరేయ్. దుప్పటి లేవట్లేదురా."

కత్తెరయ్యా అనలేదు. నాకు ఆ తేడా చెవికి తగిలింది, నోటికి తగల్లేదు. నోరు అప్పటికే అనేసింది. "దులిపి చూడు బావా."

అటునుంచి గాలి చప్పుడు ఒక్కటే. తర్వాత బావ ఆ భవనం ఎక్కడుందో చెప్పి పెట్టేశాడు.

దుకాణం వ్యాను తీసుకుని పది నిమిషాల్లో వెళ్ళాను. మూడంతస్తులు. డాబా తలుపు తీయగానే కళ్ళు మూతబడ్డాయి. సగం డాబా అప్పుడే వేసిన తెల్ల పూతతో మెరిసిపోతోంది. ఎండను కిందికి దిగనివ్వకుండా పైకి తోసెయ్యడమే ఆ పూత పని. తోసిన ఎండ ఎక్కడికి పోతుంది? మోకాళ్ళకు, మొహానికి, ఎదురుగా ఏముంటే దానికి తగులుతుంది. ఆ మెరుపు మధ్యలో బావ మోకాళ్ళ మీద కూర్చుని తాగే నీళ్ళ సీసా దుప్పటి మీద వంపుతున్నాడు. ట్యాంకు ఇంకా బిగించలేదు, కిందే ఉంది. డాబా మీద చిటికెడు నీడ లేదు.

"పొద్దుటినుంచి నా పక్కనే ఉందిరా" అన్నాడు. "ఇంతకుముందైతే నీడ లేనిచోటికి తెచ్చేవాణ్ణి కాదు. గుండయింది కదా, హాయిగా ఉంటుందిలే అనుకున్నా."

పైనుంచి ఒక ఎండ, కిందినుంచి ఇంకో ఎండ. నాలుగు రోజుల కిందటి దాకా ఎండ మొహం ఎరగని పొట్ట. ఎత్తుకుంటే ఒళ్ళు ఇస్త్రీపెట్టెలా ఉంది. పట్టుకోవడానికి బొచ్చు లేక చేతుల్లోంచి జారింది. మూడంతస్తులు దిగేలోపు రెండుసార్లు పట్టు మార్చుకున్నాం.

కుక్కల డాక్టరమ్మ ఆసుపత్రి నాకు బాగా తెలుసు. నా దగ్గరికొచ్చే కుక్కల్లో సగం ఆవిడ పంపినవే. ఆవిడ థర్మామీటరు పెట్టి, తీసి చూసి, నంబరు పైకి చెప్పలేదు. తడిగుడ్డలు, ఫ్యాను, సెలైను. చేతులు చకచకా ఆడాయి. నోట్లోంచి నురగ తుడిచింది. కాసేపటికి దుప్పటిని నెమ్మదిగా పక్కకు తిప్పింది. పొట్ట మీద, తొడల లోపల, ముక్కు పైన చర్మం ఎర్రగా ఉబ్బి ఉంది. పొట్ట మీద రెండుచోట్ల బొబ్బలు చితికాయి. జీవితమంతా పూతలు పూసిన మనిషి ఆ వాతలు చూసి గోడకు ఆనుకున్నాడు.

"ఎవరు గీశారు?" అంది డాక్టరమ్మ.

"నేనేనండీ" అన్నాడు బావ. "ఇంట్లో. గడ్డం మిషనుతో."

డాక్టరమ్మ దుప్పటి వీపు మీద చెయ్యి వేసి మెడనుంచి తోకదాకా నిమిరింది. ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. చెవి అంచు వేలితో పట్టుకుని చూసింది. తర్వాత నావైపు చూసింది.

"మీ బావగారిది తిరిగిన చెయ్యే" అంది.

నేను నేలవైపు చూశాను.

ఆవిడ బావవైపు తిరిగింది. "దాని బొచ్చు దానికి బరువు కాదండీ. ఎండనుంచి కాపాడేది అదే. గీసేసి, పైగా డాబా ఎక్కించారు. కొన్ని కుక్కలకి ఆ బొచ్చు తిరిగి సరిగ్గా రానే రాదు, అతుకులు అతుకులుగా వస్తుంది. సొంత తెలివి వాడకుండా మీ బావమరిది దగ్గరికి తీసుకెళ్ళి ఉండాల్సింది. ఈయన చేసి ఉండేవారు కాదు."

చివరి మాట ఆవిడ బావతో అన్నదో నాతో అన్నదో ఇప్పటికీ తెలియదు.

అంతలో అక్క వచ్చింది. ఆఫీసునుంచి అలాగే వచ్చేసింది, మెళ్ళో గుర్తింపు కార్డు వేలాడుతోంది. దుప్పటి తల దగ్గర వంగి, బావవైపు చూడకుండా అంది. "తమ్ముడు ఒప్పుకోడని తెలిసే, తీసుకెళ్ళండి అన్నాను. వాడు కాదంటే ఊరుకుంటారనుకున్నా. వాడికున్న బుద్ధి మీకు లేకపోయింది."

బావ నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. వద్దు, మాట్లాడకు అని. నేను మాట్లాడలేదు. చాలా సులువుగా మాట్లాడలేదు.

దుప్పటి మర్నాడు పదకొండింటికి పోయింది. కిడ్నీలు పనిచేయడం మానేశాయని డాక్టరమ్మ చెప్పింది.

అక్క బావతో మాట్లాడటం మానేసింది. కంచం పెట్టేది, కూర వడ్డించేది, మనిషి ఉన్నట్టు చూసేది కాదు. సాయంత్రాలు పెరటి మెట్ల మీద ఖాళీ చేతులతో కూర్చునేది. ఇదంతా బావే ఫోన్లో చెప్పాడు, మామూలుగా, వానొచ్చిందన్నట్టు.

"నేను చెప్పేస్తా బావా" అన్నాను.

"చెప్పి? డాక్టరమ్మ నీకు కుక్కల్ని పంపడం మానేస్తుంది. మీ అక్క నీ గుమ్మం తొక్కదు. నాకేం పోతుంది, డాబాలకి నోళ్ళుండవు. మూసుకుని కూచో."

మూసుకుని కూర్చున్నాను. తొమ్మిది రోజులు. దుకాణానికి జనం వస్తూనే ఉన్నారు, ఎర్ర వాక్యం చదివి నవ్వుతూనే ఉన్నారు. చెల్లెమ్మ నన్ను ఏమీ అడగలేదు. అరలు సర్దుతూ ఒకరోజు దుప్పటి కార్డు చేత్తో పట్టుకుని నిలబడింది.

"ఇదేం చేద్దామన్నయ్యా? చించెయ్యనా?"

తీసుకుని చూశాను. నాలుగో ప్రశ్న మీద నా చేతిరాత. మనదే. ఆ మాట రాయడం మూలానే ఏమీ అడగలేదు నేను. పరాయివాడి కుక్కయితే అడిగేవాణ్ణి. పరాయివాడు డాబా అని చెబితే మిషను కింద పెట్టేసేవాణ్ణి.

"ఉంచు" అన్నాను. ఆ మధ్యాహ్నమే అక్కావాళ్ళింటికి వెళ్ళాను.

ఆరోజు అక్కకు సెలవు. ముందు గదిలో కింద కూర్చుని చీరలు మడతపెడుతోంది. పెరట్లో నీళ్ళ చప్పుడు, బావ రోలర్లు కడుగుతున్నాడు. సోఫా మీద ఆ నూగు దిండు ఉంది. దానిమీద ఎవరూ ఆనుకున్నట్టు లేదు. నన్ను చూడగానే అక్క మొహం కాస్త విప్పారింది. నేనొచ్చానంటే నవ్వుకోవచ్చని ముప్పై ఏళ్ళ అలవాటు. ఒక జోకు కూడా నోటిదాకా వచ్చింది. ఏమిటో చెప్పను, బాగానే ఉంది. మింగాను.

"దుప్పటికి గుండు చేసింది నేనే అక్కా. మా దుకాణంలో, మా బల్ల మీద. బావ కాదు."

అక్క చేతిలో చీర కొస అలాగే ఉండిపోయింది.

"తెలియక చేశావా?"

"తెలిసే."

"అది రోజూ డాబా ఎక్కుతుందనీ తెలుసు."

"తెలుసు."

"మరి ఆ బోర్డు ఎందుకురా గోడకి?"

అక్క లేచి పెరటి గుమ్మం దాకా వెళ్ళింది. తొమ్మిది రోజుల తర్వాత మొగుణ్ణి పిలిచింది. "ఏవండీ. ఇటు రండి."

బావ మోచేతుల దాకా తెల్లరంగుతో వచ్చి, నా మొహం చూసి, సంగతి గ్రహించాడు. "నోరు మూసుకోవడం ఒక్కటీ నేర్చుకోలేదు కదరా నువ్వు" అన్నాడు. గోడవారగా కింద కూర్చున్నాడు. అక్క ఆయనకు తువ్వాలు తెచ్చి ఇచ్చింది. ఆయన చేతులు తుడుచుకోలేదు, తువ్వాలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అసలెందుకు గీయకూడదురా?" అన్నాడు. "ఆరోజు డాక్టరమ్మ ఏదో చెప్పింది, నా చెవికెక్కలేదు. నువ్వు చెప్పు."

చెప్పాను. ముప్పై ఏళ్ళలో ఆయనతో తోక లేకుండా మాట్లాడటం అదే మొదలు. పైన గరుకు బొచ్చు ఉంటుంది బావా, అది ఎండను చర్మం మీద పడనివ్వదు. దానికింద నూగు ఉంటుంది, అది మధ్యలో గాలిని పట్టుకుని బయటి వేడిని తొందరగా లోపలికి దిగనివ్వదు. రాలిపోయిన నూగు దువ్వి తీసేస్తే చాలు, గాలి ఆడుతుంది. రెండూ గీసేస్తే ఇక అడ్డం ఏమీ లేదు.

బావ తన చేతులవైపు చూసుకున్నాడు.

"అంటే రెండు పూతలు" అన్నాడు. "కింద ఒకటి. పైన తెలుపు."

"అవును."

"నడి ఎండాకాలంలో ఎవడైనా వచ్చి, డాబా వేడెక్కుతోంది, ఆ తెల్లపూత గీకెయ్యమంటే నేను గీకుతానట్రా? వాణ్ణి మెట్లమీంచి తోసేస్తాను." ఆయన గొంతు ఎక్కడా పెరగలేదు. "ఈ ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది. నా పనే కదా. నాకు అర్థమయ్యేది."

"తోచలేదు బావా."

"తోచదు. నీకు వేరేవి తోస్తాయి."

అక్క మడతపెట్టిన చీరలు తీసుకుని లోపలికి వెళుతూ, వెనక్కి తిరగకుండా అంది. "డాక్టరమ్మకి కూడా చెప్పిరా. ఆవిడ కాగితాల మీద ఆయన పేరుంది."

వెళ్ళి చెప్పాను. డాక్టరమ్మ ఫైలు తీసి, ఒక గీత కొట్టి, నా పేరు రాసింది. "ఆరోజే చెప్తారనుకున్నాను" అంది. "ప్రస్తుతానికి నేనెవర్నీ మీ దగ్గరికి పంపను. ముందు కార్డులు పూర్తిగా రాయడం మొదలెట్టండి. ఏడాది పోయాక ఆ కార్డులు తెచ్చి చూపించండి."

అక్క నాతో మాట్లాడుతుంది. ముక్తసరిగా. మా ఇంటికి రావడం లేదు.

రెండు వారాల తర్వాత ఒక ఉదయం బావ రంగు డబ్బా, చిన్న రోలరు పట్టుకుని దుకాణంలోకి వచ్చాడు. బల్ల ఒకటి గోడదగ్గరికి జరుపుకుని ఎక్కి, బోర్డు మీద ఎర్ర వాక్యానికి తెల్లరంగు పూశాడు. పై వాక్యాన్ని తాకలేదు. ఒక పూత అయ్యాక కిందికి దిగి, అది ఆరేదాకా బెంచీ మీద కూర్చున్నాడు. అరగంట. చెల్లెమ్మ నీళ్ళిస్తే తాగాడు. ఎర్ర అక్షరాలు ఇంకా లీలగా కనబడుతున్నాయి. ఆయన మళ్ళీ బల్ల ఎక్కాడు.

అప్పుడే ఒకాయన నల్లటి ఒత్తు బొచ్చు కుక్కను తీసుకుని లోపలికొచ్చాడు. "ఎండలు మండిపోతున్నాయి, దీనికి నున్నగా గీసెయ్యండి" అన్నాడు. నా గురించి ఎవరో చెప్పి పంపినట్టున్నారు, అప్పటికే పెదవుల మీద నవ్వు సిద్ధంగా ఉంది. నేనేదో అంటానని ఎదురుచూశాడు.

"గీయనండీ" అన్నాను. "ఎందుకో చెబుతాను, కూర్చోండి. రెండు గంటలు పడుతుంది, లోపలి నూగు తీసి పంపిస్తాం."

కొత్త కార్డు తీసుకున్నాను. పేరు రాశాను. వయసు రాశాను. జబ్బులు లేవన్నాడు, లేవని రాశాను.

"పగలు ఎక్కడ ఉంటుందండీ?"

గోడదగ్గర రోలరు చప్పుడు ఆగింది. బావ బల్ల మీదే నిలబడి, జవాబు వినడానికి ఇటు తిరిగాడు.